ఇంకో కాశీ

కాశీ అనగానే మీకు గంగ గుర్తొస్తుంది. మాకూ గుర్తొస్తుంది. ఈ నేలమీద పుట్టి పెరిగినవాళ్లం, రాకుండా ఎలా ఉంటుంది? కానీ మా మాటల్లో ఇంకో కాశీ ఉంది. గోడలకు పొదిగే మెరుగు పలకను ఫారసీలో కాశీ అంటారు. ఆ పనిని ఉర్దూలో కాశీకారీ అంటారు. ఇరాన్ నడుమ, ఎడారి అంచున కాషాన్ అనే ఊరుంది. ఆ ఊరి సరుకు కాబట్టి కాశీ. మనం గద్వాల అంటే చీర అనుకున్నట్టు, అక్కడ ఊరి పేరే పలక పేరైపోయింది.

ఈ పలకల గొడవ మీకెందుకని అడగొచ్చు. నిజమే, మా ఇళ్లలో అవెప్పుడూ లేవు. మట్టిగోడలు, పెంకుల కప్పు, వానొస్తే కారే చోట ఒక సత్తు గిన్నె. అయినా మా గురించి నాలుగు మాటలు అనాల్సి వచ్చినప్పుడల్లా ఈ గోడలే సాక్ష్యానికొస్తాయి. ఒకాయన "మీ చరిత్ర ఎంత గొప్పదండీ, ఆ రంగులు, ఆ నగిషీలు!" అంటాడు. ఇంకొకాయన "అదంతా బయటినుంచి తెచ్చిందేగా" అంటాడు. మొదటాయన మమ్మల్ని నవాబుల మనవళ్లను చేస్తాడు. రెండో ఆయన చొరబాటుదార్లను చేస్తాడు. ఇద్దరూ గోడ వంక చూసి మాట్లాడేవాళ్లే, మా మొహాల వంక చూసినవాళ్లు కారు. సరే, గోడనే చూద్దాం. కాస్త దగ్గరికి పోయి చూద్దాం.

కాషాన్‌లో అబూ తాహిర్ అనే ఆయన వంశం ఒకటి ఉండేది. నాలుగు తరాలు ఇదే పని. తాము చేసిన పలకల మీద ఫలానా వాడి కొడుకు, ఫలానా వాడి మనవడు చేసిన పని ఇది అని తాతల పేర్ల దాకా రాసుకునేవాళ్లు. ఆ వంశంలో అలీ ఇబ్న్ ముహమ్మద్ అనే పనివాడు ఉన్నాడు. అతని కొడుకుల్లో యూసుఫ్ ఆము దగ్గరే ఉండిపోయాడు. అబుల్ ఖాసిం చదువుకున్నాడు, ఇరాన్‌ని ఏలుతున్న మంగోల్ సుల్తానుల దర్బారు చేరి చరిత్రలు రాశాడు. 1301లో ఈ అబుల్ ఖాసిం రత్నాల మీద, సుగంధ ద్రవ్యాల మీద ఒక పుస్తకం రాసి, చివర్లో తన ఇంటి పని గురించి ఒక అధ్యాయం చేర్చాడు. ఏ రాయి ఎక్కడ దొరుకుతుంది, ఎంత నూరాలి, దేంట్లో ఏం కలపాలి, ఎన్ని గంటలు కాల్చాలి, అన్నీ రాసేశాడు. ఆ కాలపు పలకల పని గురించి ఇవాళ ప్రపంచానికి తెలిసిన దాంట్లో పెద్ద వాటా ఆ అధ్యాయం పెట్టిన భిక్షే.

మాలో చదువుకున్న మొదటి తరం వాళ్లకు ఈ అన్నదమ్ముల సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంట్లో ఒకడు దూది ఏకే విల్లు పట్టుకుని ఊళ్లు తిరుగుతుంటే ఇంకొకడు పెన్ను పట్టుకుని పట్నం చేరతాడు. పట్నం చేరినవాడు చాలాసార్లు ఇంటిపని పేరెత్తడు. అడిగితే మాట మారుస్తాడు. అబుల్ ఖాసిం మాట మార్చలేదు. రాజుల చరిత్ర రాసిన చేత్తోనే మట్టి లెక్క రాశాడు. అందుకే ఆయనంటే మాకు గౌరవం.

ఆ లెక్క ఇది. పది పాళ్లు పలుగురాయి పొడి, ఒక పాలు గాజుపొడి, ఒక పాలు తెల్లని మెత్తటి బంకమట్టి. మన కుమ్మరి చూస్తే నవ్వుతాడు, ఇందులో మట్టి ఎక్కడుందని. నిజమే, ఇది చక్రం మీద మాట వినే ముద్ద కాదు. పలకగా అచ్చులో వేస్తే మాత్రం తెల్లగా, గట్టిగా నిలబడుతుంది. పైన వేసే పూతా గాజులాంటిదే, లోపలా పలుగురాయే కాబట్టి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇక రంగులు. క్షారం ఎక్కువున్న పూతలో రాగి వేస్తే ఫిరోజా రంగొస్తుంది. అదే రాగిని సీసపు పూతలో వేస్తే ఆకుపచ్చ. ముదురు నీలానికి కోబాల్టు రాయి కావాలి. కాషాన్ దగ్గరి కొండల్లో ఖమ్సర్ అనే ఊళ్లో అది దొరికేది. దాన్ని కనిపెట్టింది సులేమాన్ ప్రవక్తేనని అక్కడివాళ్లు చెప్పుకునేవాళ్లట, పనివాళ్లు దాన్ని సులేమానీ అని పిలిచేవాళ్లట. అబుల్ ఖాసిం ఇవన్నీ నమోదు చేశాడు.

ఫిరోజా మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. ఆ రాయి ఇరాన్‌లోని నిషాపూర్ గనుల్లో దొరికేది. తుర్కుల చేతుల మీదుగా యూరపు చేరిందని ఫ్రెంచివాళ్లు దానికి టర్కాయిజ్ అని పేరు పెట్టారు, అంటే తుర్కీ రాయి. ఎక్కడ పుట్టినవాణ్నైనా తురకోడనేసే అలవాటు మన ఊళ్లకే పరిమితం కాదన్నమాట.

అన్నిట్లోకీ కష్టమైంది బంగారు మెరుపు. పలకను ఒకసారి కాల్చి, పూత గట్టిపడ్డాక, వెండీ రాగీ కలిపిన పసరుతో దానిమీద బొమ్మ గీసి మళ్లీ ఆములో పెట్టాలి. ఈసారి మంట సన్నగా ఉండాలి, పొగ నిండాలి. అబుల్ ఖాసిం లెక్కలో డెబ్బై రెండు గంటలు. మంట కాస్త ఎక్కువైనా తక్కువైనా చేసిందంతా బూడిదలో పోసినట్టే. చల్లారాక పైకి తీస్తే పలక నల్లగా, దిక్కుమాలినట్టుంటుంది. తడిమట్టితో రుద్దితే అప్పుడు లోపలినుంచి మెరుపు బయటికొస్తుంది. అందులో బంగారం వీసమెత్తు ఉండదు. అంతా రాగీ, వెండీ, పొగా, మనిషి చేయీ.

ఇప్పుడు ఈ పలకలు గోడకెక్కిన ఒక చోటికి పోదాం. టెహరాన్ దగ్గర వరామిన్ అనే ఊళ్లో ఇమామ్‌జాదా యహ్యా దర్గా ఉంది. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను పీనుగుల దిబ్బ చేశారు. అంతకు ముందే, 1220 నుంచీ ఇరాన్ ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి తగలబడ్డాయి. బాగ్దాద్ కూలిన నాలుగైదేళ్లకు, 1262-63లో, వరామిన్ దర్గా గోడల కింది భాగానికి కాషాన్ పలకలు పొదిగారు. ఎనిమిది మొనల నక్షత్రాలు, వాటి మధ్య సందుల్లో సరిగ్గా ఇమిడే నాలుగు రెక్కల పలకలు. ఒక్కో నక్షత్రం అంచున ఖురాన్ వాక్యం. నడుమ తీగలూ ఆకులూ. రెండు నక్షత్రాలు ఒక్కలా ఉండవు. 1265లో అలీ ఇబ్న్ ముహమ్మద్, మన అబుల్ ఖాసిం తండ్రి, అదే దర్గాకు పన్నెండడుగులు దాటిన మెహరాబ్ చేసిచ్చాడు. నలభై ఏళ్ల తర్వాత 1305లో యూసుఫ్ అక్కడి సమాధికి పలకలు చేశాడు. తండ్రీ కొడుకుల చేతులు ఒకే కప్పు కింద.

ఈ తేదీలు చదివినప్పుడు మేం చాలాసేపు ఆగిపోయాం. ఊళ్లు తగలబడ్డ తర్వాత మనుషులు మొదట ఏం చేస్తారో మాకు తెలుసు. తలుపులు వేసుకుంటారు, లెక్క చూసుకుంటారు, ఎవరు మిగిలారో ఎవరు పోయారో. 1992 డిసెంబరు 6 తర్వాత మా వాడల్లో చాలా ఇళ్ల తలుపులు మునుపటిలా తెరుచుకోలేదు. అలాంటి తలుపుల వెనకనుంచి చూస్తే, నాలుగైదేళ్లకే పలుగురాయి నూరడం మొదలుపెట్టిన వాళ్లు మాకు రాజుల కంటే పెద్దగా కనిపిస్తారు.

ఆ గోడ ఇప్పుడు లేదు. దర్గా ఉంది, పలకలు లేవు. 19వ శతాబ్దం రెండో సగంలో దళారులు వాటిని ఊడబెరికి అమ్ముకున్నారు. కొన్నవాళ్లు యూరపు సేకర్తలు, మ్యూజియంలు. నూటయాభైకి పైగా నక్షత్రాలు ఇవాళ లండన్ నుంచి సెంట్ పీటర్స్‌బర్గ్ దాకా, అమెరికా దాకా చెదిరి ఉన్నాయి. యూసుఫ్ చేసిన సమాధి పలకలు రష్యాలో, హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. తండ్రి చేసిన మెహరాబ్‌ను 1940లో డోరిస్ డ్యూక్ అనే అమెరికన్ శ్రీమంతురాలు కొని హొనొలులులోని తన బంగళాకు చేర్చుకుంది. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఇప్పుడా బంగళా కూడా మ్యూజియమే. వరామిన్‌లో జనం ఇప్పటికీ దర్గాకొస్తారు, మెహరాబ్ ఊడిపోయిన బోసిగోడ ముందే దువా చేసుకుంటారు.

అద్దాల పెట్టెలో పెట్టి, మెత్తటి దీపం వేసి, కింద 'ఇస్లామిక్ ఆర్ట్' అని చీటీ అంటించి చూపిస్తే అందరికీ నచ్చుతుంది. ఆ చీటీ కిందే మా పేరు కూడా రాసుంటే మేమూ నచ్చేవాళ్లమేమో! వీధిలో అద్దె ఇల్లు అడిగినప్పుడు పేరు చెప్పగానే "ఇల్లు ఖాళీ లేదండీ" అన్న పెద్దమనిషి ఇంటి హాల్లో ఇస్తాంబుల్ నీలం పలకల బొమ్మున్న కేలండర్ వేలాడుతుండటం మేం చూశాం. చాలా అందమైన కేలండర్.

ఇక స్వచ్ఛత సంగతి. ఈ పలకలు అచ్చంగా ఇస్లామిక్ అని మెచ్చుకునేవాళ్లున్నారు, అచ్చంగా పరాయివి అని తోసేసేవాళ్లున్నారు. మాలోనూ కొందరు పెద్దలకు 'అచ్చం' అన్న మాట మీద మోజు ఎక్కువ. పలకనడిగితే వేరే కథ చెబుతుంది. 9వ శతాబ్దంలో చైనానుంచి తెల్లని పింగాణీ ఇరాక్ రేవులకు వచ్చింది. అక్కడి కుమ్మరులు చూసి మనసు పారేసుకున్నారు. అలాంటి మట్టి వాళ్లకు దొరకలేదు. మామూలు మట్టిపాత్రకే తగరం కలిపిన తెల్లపూత వేసి చైనాదిలా కనిపించేట్టు చేశారు. ఆ తెలుపు మీద రంగులు వేయడం, మెరుపు వేయడం అక్కడ మొదలైంది. ఆ శతాబ్దంలోనే ట్యునీసియాలోని ఖైరవాన్ పెద్ద మసీదు మెహరాబ్ చుట్టూ మెరుపు పలకలు ఎక్కాయి. 14వ శతాబ్దంలో బేరం తిరగబడింది. ఇరాన్ కోబాల్టు చైనాకు పోయింది. చైనా సరుకు అని లోకమంతా మురిసిపోయే నీలం-తెలుపు పాత్రల్లో ఆ నీలం అటు పోయిందే. ఎవరిది ఎవరు తీసుకున్నారో తేల్చమంటే ఏ కోర్టు తేలుస్తుంది?

ఇంకొకటి. కాషాన్ నక్షత్రాల్లో చాలావాటి మీద కుందేళ్లు, జింకలు, పక్కపక్కన కూచున్న మనుషులు ఉంటారు, అంచున ఫారసీ ప్రేమ పద్యాలుంటాయి. 1270ల్లో మంగోల్ రాజు అబాఖా ఖాన్ తఖ్తే సులేమాన్‌లో కట్టించుకున్న మహల్ గోడల మీద చైనా డ్రాగన్లూ ఇరాన్ షానామా పద్యాలూ కలిసి ఉన్నాయి. ఆ అబాఖా ముసల్మానే కాదు. ముసల్మాను కాని రాజు, ముసల్మాను పనివాళ్లు, చైనా పాము, ఇస్లాంకు ముందరి ఇరాన్ రాజుల కథ. దీనికి ఏ చీటీ అంటిస్తారు? మన దేశంలోనే గ్వాలియర్ కోటలో మాన్‌సింగ్ తోమర్ (1486-1516) కట్టించిన మహల్ చూడండి. హిందూ రాజు. రాతిగోడ పొడుగునా నీలం, పసుపు, పచ్చ పలకలు. వాటిల్లో ఏనుగులు, బాతులు, అరటిచెట్లు. అరటిచెట్టు కాషాన్ ఎడారిలో ఎక్కడిది?

మన వైపుకి ఈ పలకలు బీదర్ మీదుగా వచ్చాయి. బీదర్ ఇప్పుడు కర్ణాటక. 1956 దాకా హైదరాబాద్ రాజ్యంలో ఉండేది. అక్కడ మహమూద్ గవాన్ కట్టించిన మదర్సా 1472లో పూర్తయింది. మూడంతస్తులు, ముందు గోడంతా నీలం, తెలుపు, పసుపు పలకల అల్లిక. ఇప్పుడు సగం గోడ లేదు, ఉన్న గోడమీద సగం పలకలు లేవు. మిగిలిన ఒక్క మీనారు మీద చుట్లు చుట్లుగా కొంచెం రంగుంది. గవాన్ ఇరాన్‌లోని గీలాన్ నుంచి వచ్చిన వర్తకుడు, బహమనీల వజీరు. ఆ దర్బారులో రెండు ముఠాలు. సముద్రం దాటి వచ్చిన ఆఫాఖీలు ఒకవైపు, ఇక్కడ స్థిరపడ్డ దక్నీలు ఇంకోవైపు. 1481లో శత్రువులు దొంగ ఉత్తరం పుట్టించి, డెబ్బై దాటిన ఆ ముసలాయన తల తీయించారు. చంపించిన సుల్తానూ ముసల్మానే, ఉత్తరం పుట్టించినవాళ్లూ ముసల్మాన్లే. మదర్సా గోడ కూలింది 1696లో, బీదర్ ఔరంగజేబు చేతిలో ఉండగా, లోపల దాచిన మందుగుండు పేలి. ఈ లెక్కలు చెప్పుకోవడం మాలో కొందరికి ఇష్టముండదు. పరాయివాడు కూల్చిందానికే ఏడవాలన్న రూలు ఎక్కడా లేదు కదా.

ఇక్కడే మా అసలు చిక్కు. ఆఫాఖీ ముఠాలో మేం లేం. దక్నీ ముఠాలోనూ లేం. మా తాతలు గీలాన్‌లో ఓడెక్కలేదు. గోదారి ఒడ్డునో, కృష్ణ ఒడ్డునో, మంజీరా ఒడ్డునో దూది ఏకుతూ, గాజులు అమ్ముకుంటూ, తోలు తొక్కుతూ, కౌలుకు దున్నుతూ ఉన్నారు. నూర్‌బాషా, దూదేకుల, మెహతర్ అనే పేర్లతో సొంత బిరాదరీలోనే కింది అరుగు మీద కూచున్నారు. మరి ఈ పలకలు మావని ఏ మొహంతో అనాలి? సింహాసనం వైపు నుంచి పోతే ఏ దారీ లేదు. ఆము వైపు నుంచి పోతే ఉంది. పనివాళ్లు ఎప్పుడూ తమ ఇష్టప్రకారమే దేశాలు తిరగలేదు. తైమూర్ జయించిన ప్రతి ఊరినుంచీ పనివాళ్లను పశువుల్లా సమర్‌ఖండ్ తోలుకుపోయాడు. 1424 నాటికి టర్కీలోని బుర్సాలో 'తబ్రీజ్ ఉస్తాదుల పని' అని పలక మీద సంతకం కనిపిస్తుంది. ఊరు పోయినా ఊరి పేరు రాసుకున్నారు. ఆ రాసుకోవడం మాకు అర్థమయ్యే భాష.

మొహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో హైదరాబాద్‌కు పునాది వేసిన వెంటనే చార్మినార్ దగ్గర్లో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా కట్టించాడు. మొహర్రం పది రోజులు పీర్లను నిలిపే చోటు అది. గోడలకు పలకలు ఎక్కింది 1611లో. పద్ధతి వరామిన్‌ది కాదు. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, ఉలితో ఆకు ఆకారానికి ఆకు, చుక్క ఆకారానికి చుక్క చెక్కి, ముక్కకు ముక్క పొదిగే పని. బట్టల కొట్లో కత్తిరింపులు ఏరి బొంత కుట్టే మా అమ్మలకు చూపిస్తే వెంటనే పట్టేస్తారు. ఇరాన్ గోడలు ఎక్కువగా నీలంలో మునిగి ఉంటాయి. ఇక్కడ నీలం పక్కన ఆవపిండి పసుపు, ఇటుక ఎరుపు, కాషాయం కళ్లలో పడతాయి. గోడ నిండుగా పెద్ద పెద్ద పీర్ల ఆకారాలు, చుట్టూ మంటల్లా లేచే తీగలు.

ఆ ఆకారం కోసం హైదరాబాద్ దాకా రానక్కర్లేదు. తెలంగాణలో, రాయలసీమలో ఎన్నో ఊళ్లల్లో పీర్ల చావిట్లో అదే ఆకారం ఇత్తడిలో, వెండిరేకులో ఉంటుంది. ఎత్తేవాడు ముసల్మానే కానక్కర్లేదు. డప్పు మాదిగలది, దివిటీ చాకలిది, నిప్పుల గుండం తొక్కేది ఊరంతా. చావిటి గోడకు సున్నం మాత్రమే ఉంటుంది. ఇదంతా ఇరాన్ పనేగా అని ఆషుర్‌ఖానా గుమ్మంలో నిలబడి మాతో అన్న చరిత్ర మేష్టారుకు మేం ఈ సున్నం గోడల గురించి చెప్పాం. ఆయన విని, అది జానపదం అన్నారు. పలకల మీద ఉంటే కళ, ఇత్తడి మీద ఉంటే జానపదం!

1687లో గోల్కొండ ఔరంగజేబుకు చిక్కాక ఈ ఆషుర్‌ఖానాలో మొహర్రం ఆగిపోయింది. రెండో నిజాం, నిజాం అలీఖాన్ కాలంలో మళ్లీ పీర్లు నిలిచాయి. ముందున్న చెక్క స్తంభాల వసారా అప్పటిదే. ఆ తర్వాత 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిమీదికొచ్చింది. మదీనా నుంచి ఇటు వీధులన్నీ మునిగాయి. ఆషుర్‌ఖానాలోకి నీళ్లొచ్చి గోడల కింది భాగంలో పలకలు ఊడిపోయాయి. అలాంటివి చేసే ఆములు అప్పటికి మన దగ్గర లేవు. అందుకని ఊడిన మేర సున్నం మెత్తి, పైన మిగిలిన పలకలను చూసి అదే తీగను, అదే ఆకును రంగులతో గీయించారు.

మేం వెళ్లినప్పుడు ఆ తేడా గోడంతా సాగిన ఒక గీతలా కనిపించింది. గీతకు పైన పలక, వెలుతురు పడ్డప్పుడల్లా మెరుస్తుంది. గీతకు కింద ఒట్టి రంగు, మెరుపు లేదు, అక్కడక్కడా పెచ్చులూడింది. పిల్లను చంకనెత్తుకున్న ఒకావిడ వచ్చి, చేత్తో గోడను తాకి, ఆ చెయ్యి పిల్ల నుదుటికి రాసింది. ఆమె చెయ్యి అందింది కింది రంగు వరకే.